కాజాలత్త కరాటే

మా మేనత్తకు యాభై దాటాక పిక్కల్లో కండ వచ్చింది. ఈ సంగతి మొదట కనిపెట్టింది మా అమ్మ. తాడు మీద బట్టలు ఆరేస్తూ, ఎవరింట్లోనో దొంగసొత్తు చూసినదానిలా గొంతు తగ్గించి, "మీ అత్త పిక్కలు చూశావా? మగాడి పిక్కల్లా రాయైపోయాయి" అంది నాతో. తాడు రెండో కొస ముడేస్తున్న అత్త చెవిన ఆ మాట పడనే పడింది. "రాయో కాదో పట్టుకు చూడు వదినా" అంటూ కాలు ముందుకు చాపింది. అమ్మ నిజంగానే వంగి పట్టుకు చూసింది. ఆ తర్వాత వదినామరదళ్ళిద్దరూ నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు కిటికీ తలుపులు తీశారు.

ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటి వ్యాయామశాలల మీద ఒళ్ళు మండుతుంది. చుట్టూ అద్దాలు, చెవుల్లో పాటలు, ఎవరి మొహం వాళ్ళు చూసుకుంటూ చెమట కార్చుకోవడం. పక్కమనిషి కింద పడినా అద్దంలోంచే చూస్తారు. మా అత్త ఒళ్ళు వంచడం నేర్చుకున్న చోట అద్దమన్నదే లేదు. పెచ్చులూడిన గోడలు, కిర్రుమనే చెక్కల నేల, మూలనో మంచినీళ్ళ డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన గ్లాసు. అంతే. ఆ హాలున్న మేడ ఇప్పుడు లేదు. అటుగా వెళ్ళాల్సి వస్తే నేను చుట్టు తిరిగైనా వేరే వీధిలోంచి వెళ్తాను.

అత్తది చొక్కాలు కుట్టే షెడ్డులో గుండీలు పట్టే కాజాలు వేసే పని. పెళ్ళినాటికి చేత్తో వేసేది, ఆ తర్వాత మిషను వచ్చింది. అసలు పేరు పెట్టి పిలిచే అవసరం చుట్టాల్లో ఎవరికీ రాలేదు. పిల్లా పెద్దా అందరికీ ఆమె కాజాలత్తే. మామూలు కుట్టు తప్పు పోతే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కాజా అలా కాదు. దారం చుట్టడం అవగానే మిషను కత్తి దిగి గుడ్డను కోసేస్తుంది. ఒక్క నూలుపోగు పక్కకు జరిగినా చొక్కా మొత్తం పనికిరాకుండా పోతుంది. అందుకని అత్త మెడ వంచి, ఊపిరి బిగబట్టి, కత్తి దిగాక గానీ వదిలేది కాదు. ఏళ్ళ తరబడి అదే తీరు.

మావయ్య బస్సు డిపోలో మెకానిక్కు. మహా హాస్యగాడు. అత్త అలిగితే ఇంజను చప్పుడు బట్టి జబ్బు చెప్పినట్టు, "ఇవాళ చప్పుడు తేడాగా ఉంది, ఎక్కడో బిగిసింది" అనేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. మేడ మీద ఒక్క గది, రెండు కిటికీలు, ఒక పెద్ద మంచం, దాని మీద ఎప్పుడూ సగం కుట్టిన ఏదో ఒక గుడ్డ. సెలవు రోజుల్లో నేను ఆ గదికి పోయేదాన్ని. ఎంతసేపు పడుకున్నా లేపేవాళ్ళుండరు కనక నాకది స్వర్గం.

మావయ్య ఉన్నట్టుండి పోయాడు. కొన్నాళ్ళకి అత్త మళ్ళీ పనిలోకి వెళ్ళింది, నవ్వడమూ మొదలుపెట్టింది. ఎంత గుండె నిబ్బరమో అని మేమంతా మెచ్చుకున్నాం. నిజానికి ఆ ఏడాదంతా ఆమెకు బస్సులో గుండె దడ పుట్టేది. చేతులు చల్లబడేవి, ఊపిరందేది కాదు, ఇక్కడే ప్రాణం పోతుందనిపించేది. మధ్యలో ఎక్కడో దిగిపోయి, గోడ పట్టుకుని నిలబడి, తగ్గాక మిగిలిన దూరం నడిచి వెళ్ళేది. ఇంత జరుగుతున్నా మా ఎవరి దగ్గరా పెదవి విప్పలేదు. చివరికి ఒకరోజు బస్టాపులో కుప్పకూలింది. పూలమ్మే ఆవిడెవరో అత్త సంచీలో నంబరు వెతికి మా నాన్న ఆఫీసుకు ఫోన్ చేసింది.

నాన్న నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. ఫోను పెట్టేసి, తెరిచిన ఫైలు తెరిచినట్టే వదిలి పరుగెత్తాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "గుండెకేమీ లేదు. ఇది బెంగ, భయం. ఒళ్ళు కదలాలి, వ్యాయామం చెయ్యాలి. మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలి" అంది. ఇంటికొచ్చాక నాన్న తీర్పు చెప్పాడు.

"ఆ గది ఖాళీ చేసి ఇక్కడికొచ్చెయ్. పని మానెయ్. మా వెనకగది ఉండనే ఉంది."

"నేను రాను అన్నయ్యా" అంది అత్త. "అక్కడ నా ఇష్టమొచ్చినట్టు లేస్తాను, ఇష్టమొచ్చినట్టు పడుకుంటాను. ఇక్కడ ఎంత బాగా చూసినా చుట్టాన్నే."

"ఒంట్లో బాగోకపోతే నువ్వు చెప్పవు. నీతో నాకొచ్చిన బాధే అది. దారిన పోయేవాళ్ళ నోట వినాలి నేను. రేపు ఆ గదిలో నీకేదైనా అయితే ఎవరు చెప్తారు నాకు?"

అమ్మ మధ్యలో పడి వానలు వెనకపట్టేదాకా గడువు ఇప్పించింది. అప్పటిదాకా పనికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నేను తోడుండాలి. చదువైపోయి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న మనిషిని కదా, నన్నెవరూ అడగలేదు. ఖాళీగా ఉన్నవాళ్ళ కాలం ఊరందరి సొత్తు.

షెడ్డుకి పైఅంతస్తులో ఉండేది ఆ చెక్కల నేల హాలు. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన అక్కడ సాయంత్రాలు కరాటే నేర్పేవాడు. ఆయన్ని అందరూ ఫైరింజన్ మాస్టారనేవాళ్ళు. పైన వాళ్ళు గెంతితే కింద చెక్కల సందుల్లోంచి దుమ్ము రాలేది. ఒకరోజు తెల్లచొక్కాల కట్ట మీద గుప్పెడు దుమ్ము పడింది. అత్త ఒక చొక్కా చేత పట్టుకుని మెట్లెక్కింది. ఎక్కడ పడిపోతుందోనని వెనకాలే నేను.

గుమ్మంలో నిలబడి అరిచింది చూడండి, మావయ్య పోయాక ఆ గొంతు నేను వినలేదు. "మీకు గెంతులేసుకోవడానికి మా నెత్తే దొరికిందా? ఈ చొక్కా నువ్వు ఉతుకుతావా?" హాల్లో ఉన్నవాళ్ళంతా ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయారు.

బట్టతల, గుబురు మీసాలు ఉన్న మాస్టారు నెమ్మదిగా దగ్గరకొచ్చాడు. "అక్కా, అదే అరుపు ఇంకొక్కసారి అరవండి."

"ఏం, వెటకారమా?"

"కాదక్కా, ఒట్టు. వీళ్ళంతా గొంతులోంచి అరుస్తున్నారు. మీరు పొట్టలోంచి అరిచారు. అది నేర్పలేకే చస్తున్నాను."

దుమ్ము రాలకుండా నేల మీద టార్పాలిన్ పట్టాలు పరిపిస్తానని ఆయన మాటిచ్చాక కిందికి దిగాం. సగం మెట్ల మీద అత్త ఆగింది. "ఇందాక అరిచినప్పుడు గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయిందే. ఎన్నాళ్ళయిందో ఇలా ఊపిరాడి" అంది. మర్నాడు పట్టాలు పరిచారో లేదో చూసొస్తానని మళ్ళీ పైకెళ్ళింది. ఆ మర్నాడు చూసి రావడానికి ఏమీ లేకపోయినా వెళ్ళింది.

మొదట్లో ఆమె పాట్లు చూసి నేను నవ్వాపుకోలేక డ్రమ్ము వెనక దాక్కునేదాన్ని. గుంజీలు తీయమంటే కిందికి కూర్చుని లేవలేకపోయింది. "కూర్చోవడం వచ్చింది మాస్టారూ, లేవడం రేపు నేర్చుకుంటాను" అంది అక్కడి నుంచే. షెడ్డులో గుడ్డ కత్తిరించే పెద్దాయన మిగిలిన తెల్లగుడ్డతో ఆమెకు కరాటే డ్రెస్సు కుట్టి ఇచ్చాడు. తొడుక్కుని అటూ ఇటూ తడుముకుని, "జీవితమంతా కాజాలు వేసి వేసి చివరికి గుండీలే లేని చొక్కా తొడుక్కున్నాను" అని వాపోయింది. కానీ ఆ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా తనే పట్టుకెళ్ళేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

మెల్లగా ఒళ్ళు దారికొచ్చింది. వంగిన మెడ నిటారైంది. ఆకలి వేసేది, పడుకుంటే నిద్ర పట్టేది. గుద్దు విసిరేటప్పుడు ఊపిరి వదలాలని మాస్టారు నేర్పితే, ఆ పద్ధతే కింద మిషను దగ్గర పాటించింది. కత్తి దిగేటప్పుడు ఊపిరి వదిలేది. "ఇన్నేళ్ళూ ఊపిరి ఆపుకునే బతికానే పిల్లా" అంది ఒకరోజు, ఎవరో తనను మోసం చేసినంత కోపంగా.

ఆ హాల్లో వేరెక్కడా లేని పద్ధతి ఒకటుండేది. ఇద్దరు తలపడుతున్నప్పుడు దెబ్బ తగిలిందా లేదా అని మాస్టారు చూసేవాడు కాదు. దెబ్బ తిన్నవాళ్ళే ఆగి, చెయ్యెత్తి, "తగిలింది" అనాలి. అప్పుడు కొట్టినవాళ్ళు వంగి దణ్ణం పెట్టాలి. తర్వాత మళ్ళీ మొదలు. మాస్టారు ఫైర్ స్టేషన్‌లో ఉండగా ఆయన జతగాడొకడు పొగ మింగి, ఆ సంగతి దాచి, నవ్వుతూ ఇంటికి వెళ్ళి, మరి లేవలేదట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయన మీసం తడుముకుంటూ అటు తిరిగేవాడు.

అత్తకు అన్నిటికన్నా కష్టమైంది గుంజీలు కాదు, ఈ ఒక్క మాట. ఒకసారి మందుల షాపులో పనిచేసే పొడుగమ్మాయి కాలు అత్త డొక్కలో గట్టిగా తాకింది. చూస్తున్న నాకే నొప్పి పుట్టింది. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు ఆట సాగించింది. మాస్టారు ఆట ఆపి ఆమెను గోడ వారగా కూర్చోబెట్టాడు.

"దెబ్బ తగలడం తప్పు కాదక్కా. దాస్తే మాత్రం నేనొప్పుకోను."

"నాకు నొప్పి లేదు" అంది అత్త మొండిగా.

"మరి కళ్ళలో ఆ నీళ్ళేంటి?"

అత్త విసవిసా దిగిపోయింది. నాలుగు రోజులు పైకి వెళ్ళలేదు. అయిదో రోజు తనే వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, "ఆరోజు తగిలింది" అని చెయ్యెత్తింది. పొడుగమ్మాయి వంగి దణ్ణం పెట్టింది. అత్త ఏడ్చింది. దెబ్బ కోసం కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఇక ఆ మాట హాల్లోంచి మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఒకనాడు అమ్మ ఏదో చిరాకులో, "ఆయన పోయి ఇన్నాళ్ళైంది, ఇంకా ఆ పాత మంచమే పట్టుకుని వేళ్ళాడతావేం" అనేసింది. ఇదివరకైతే అత్త నవ్వి ఊరుకునేది. ఆరోజు చేతిలో గ్లాసు కింద పెట్టి, చెయ్యెత్తి, "తగిలింది వదినా" అంది. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఇద్దరూ మావయ్య గురించి చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. బస్సులోనూ అంతే. "వస్తోందే" అని నా చెయ్యి పట్టుకునేది. మాస్టారు నేర్పినట్టు నింపాదిగా ఊపిరి వదిలేది. ఒకటి రెండు స్టాపులు దాటేసరికి, "పోయింది" అనేది. దడ రావడం మానలేదు గానీ, వస్తే మధ్యలో దిగిపోవడం మానేసింది.

ఇవన్నీ నాన్నకు కనబడలేదు. ఆయన ఆఫీసు నుంచి వచ్చేవేళకు అత్త ఆ హాల్లో ఉండేది, అక్కడి నుంచి అటే తన గదికి వెళ్ళిపోయేది. "యాభై దాటిన మనిషికి కరాటే ఏమిటి, నలుగురూ నవ్విపోతారు" అని గొణిగేవాడు. వానలు తగ్గుముఖం పట్టాయి. వెనకగదిలో సామాను తీయించి సున్నం కూడా వేయించాడు. అప్పుడు అత్తే ఒక మాటంది.

"వచ్చే ఆదివారం బెల్టు పరీక్ష ఉందన్నయ్యా. పాసైతే గదీ పనీ వదలను. ఫెయిలైతే నోరెత్తకుండా వచ్చేస్తాను. నువ్వే వచ్చి చూడు."

నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. పాపం, ఫలితం తన జేబులో ఉందనే అనుకున్నాడు.

పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. ముందురోజే మాస్టారు అందరికీ పదేపదే చెప్పాడు. "రేపు దెబ్బ తగిలిందో లేదో ఆయన చూసుకుంటాడు. మన పద్ధతి మన దగ్గరే. రేపు మాత్రం నోరు మెదపకండి." అందరూ బుద్ధిగా తలూపారు, అత్త అందరికన్నా గట్టిగా ఊపింది.

నాన్న గోడ పక్క బల్ల మీద గొడుగు నిటారుగా పట్టుకుని కూర్చున్నాడు. అత్తకు జోడీ ఆ మందుల షాపు పొడుగమ్మాయే. అత్త కదులుతుంటే నాన్న గొడుగు మీద పట్టు సడలింది. తన చెల్లెలికి అంత వడుపుందని ఆయనకు తెలియదు. ఇద్దరూ సరిసమానంగా వచ్చారు. ఇక ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళు ఓడినట్టే. పొడుగమ్మాయి గిర్రున తిరిగింది. ఆమె వీపు పరీక్షకుడి వైపుంది. పిడికిలి అత్త మోచేతి కింద పక్కటెముకలకు తాకింది. ఆయన చూడలేదు. ఆట సాగించమని చెయ్యి ఊపాడు.

అత్త ఆగిపోయింది. చెయ్యెత్తి, "తగిలింది" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మిమ్మల్నెవరడిగారమ్మా?"

అత్త నాలిక్కరుచుకుంది. మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంతకన్నా ఘోరం, పొడుగమ్మాయి అలవాటు కొద్దీ వంగి దణ్ణం పెట్టేసింది. ఇంక ఆయన మాత్రం ఏం చేస్తాడు? రాయాల్సింది రాశాడు. అత్త ఫెయిలైంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. మెట్లు దిగుతూ, "ఒక్క క్షణం ఆ నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది అత్తా?" అని అరిచాను. మాస్టారు కిందదాకా వచ్చి నాన్నకేదో చెప్పబోయి, చెప్పలేక మీసం తడుముకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. ముగ్గురం బస్టాపుకు నడిచాం. ఎండ చుర్రుమంటోంది.

"మాటంటే మాటే అన్నయ్యా" అంది అత్త. "ఇవాళే సామాను సర్దుకుంటాను. మంచం మాత్రం తెచ్చుకుంటాను, అది కాదనకు."

నాన్న గొడుగు కొసతో నేల మీద గీతలు గీస్తున్నాడు. "ఆయన చూడలేదు కదా. ఎందుకు చెప్పావు?"

"తగిలింది, చెప్పాను. ఆలోచిస్తే చెప్పేదాన్ని కాదేమో. ఆలోచించలేదు."

"నీ గది పోతుందని తెలిసీ?"

"చెయ్యెత్తాక గుర్తొచ్చింది."

నాన్న గీతలు గీయడం ఆపాడు. "ఇప్పుడు ఎలా ఉంది నీకు?"

"దడగా ఉంది. మెట్లు దిగినప్పటి నుంచి. చేతులు కూడా చల్లబడ్డాయి, ఇదుగో. తగ్గుతుందిలే, ఇప్పుడిప్పుడే తగ్గుతోంది." అత్త తన చెయ్యి ఆయన చేతిలో పెట్టింది.

నాన్న ఆ చెయ్యి వదల్లేదు. ఆయన కళ్ళనిండా నీళ్ళు రావడం నేను మొదటిసారి చూశాను. "ఆ రోజు ఫోనులో ఎవరో ఆవిడ నీ గురించి చెప్తుంటే నాకు చచ్చేంత భయమేసిందే. ఏడాదిగా బాధపడుతున్నావని తెలిశాక ఇంకా భయమేసింది. నీకు నేను పరాయివాణ్ణైపోయాననుకున్నాను" అన్నాడు. నోరు తెరిచి తన భయం ఒకరితో చెప్పుకోవడం ఆయనకూ అదే మొదలనుకుంటాను.

"పరాయివాడివేంటన్నయ్యా. నువ్వు కంగారు పడతావనే దాచాను."

"నన్ను కంగారు పడనీ. నువ్వు మాత్రం చెప్పు."

బస్సు వచ్చింది. అలవాటు కొద్దీ అత్త వెనకాలే నేనూ మెట్టు మీద కాలు పెట్టాను. నాన్న నా జబ్బ పట్టుకుని కిందికి లాగాడు. "నువ్వెక్కడికి? దాని గదికి అది వెళ్తుంది" అన్నాడు. అత్త ఆ మాట విని వెనక్కి తిరిగి చూసింది. ఏదో అనబోయింది గానీ వెనకవాళ్ళు తోసుకుంటూ ఎక్కడంతో లోపలికి వెళ్ళిపోయింది. సున్నం వేయించిన వెనకగదిలోకి మళ్ళీ పాత సామానే చేరింది.

మరుసటి పరీక్షలో అత్త పాసైంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ హాల్లో కొత్తగా చేరినవాళ్ళకి నిలబడడం, పడడం, లేవడం తనే నేర్పింది. షెడ్డు మూతపడ్డాక కూడా ఆ గది వదల్లేదు. రోజూ పొద్దున్నే కిటికీలు రెండూ తెరిచి వ్యాయామం చేసేది. కింది అంతస్తువాళ్ళు దుమ్ము పడుతోందని గొడవకొస్తే మురిసిపోయేది. నాకు ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, మనసు బాగోనప్పుడు వెళ్ళేది ఆ గదికే.

చివరికి డెబ్బై దాటాక ఒకరోజు పొద్దున నాన్నకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇవాళ నాకు బాగోలేదు. ఇది ఆ దడ కాదు, వేరేగా ఉంది. నువ్వూ పిల్లా రండి" అంది. వెంటనే బయల్దేరాం. మేం వెళ్ళేసరికి తలుపు గడియ తీసిపెట్టి మంచం మీద పడుకుని ఉంది. డాక్టరు వచ్చే లోపలే అయిపోయింది. చివరిదాకా ఒక చెయ్యి నాన్న చేతిలో, ఒక చెయ్యి నా చేతిలో ఉన్నాయి.

ఆ రోజు ఆ గదికి చాలామంది వచ్చారు. మాస్టారు అప్పటికే లేడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు వచ్చారు. షెడ్డువాళ్ళు వచ్చారు. ఎలా జరిగిందని అడిగిన ప్రతి ఒక్కరికీ నాన్న లేచి నిలబడి, కళ్ళు తుడుచుకోకుండా ఒకే మాట చెప్పాడు. "మా చెల్లెలు నాకు ఫోన్ చేసి చెప్పిందండీ. తనే చెప్పింది."